ఫోనమ్మ గొంతు

కన్నకూతురే తన సినిమాలో ఫోనమ్మ గొంతు వద్దనుకుందని మా వీధిలో చెప్పుకుంటున్నారు. ఊళ్ళో కుర్రాళ్ళు తీసే షార్ట్ ఫిల్ముల్లో అమ్మ ఎప్పుడూ ఆవిడే. ఎవరు ఫోను ఎత్తినా అవతలి నుంచి "తిన్నావా" అనేది ఆవిడే. అలాంటిది సొంత పిల్ల సినిమా తీస్తే అందులో అమ్మకి ఒక్క మాట లేదు. ఫోను మోగుతుంది, అవతల ఎవరో ఎత్తుతారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు.

మా కొట్టు ఎదురుగా ఇస్త్రీ చేసే ఆవిడ దానికి ఇంకో మాట తగిలించింది. "మొగుడు పోయిన రోజున కూడా ఆవిడ గొంతు వణకలేదు. నా చెవులతో నేను విన్నా. అలాంటి గొంతు ఆ పిల్ల ఎందుకు పెట్టుకుంటుంది?"

తాళాలు బాగుచేసే ఆయన, "ఊళ్ళో పిల్లలందరికీ అమ్మే. ఇంట్లో పిల్లకి మాత్రం రాంగ్ నంబరు," అన్నాడు. ఆ మాట బాగుందని విన్నవాళ్ళు మరో నలుగురికి చెప్పారు.

నేను ఫోనమ్మ పక్క కుట్టుమిషను మీద పని చేస్తాను. ఎవరైనా అడిగితే "ఏమో" అంటాను. నలుగురి ముందు నోరు విప్పడం నాకు చేతకాదు. చూసింది చూసినట్టు రాయడమైతే కుదురుతుంది.

మాది కర్టెన్లు, పరుపులు అమ్మే కొట్టు. ముందు గదిలో గుడ్డ తానులు, ఓనరు గారి బల్ల ఉంటాయి. మధ్య గదిలో రెండు కుట్టుమిషన్లు. వెనక గదిలో ఫోము పరుపులు గోడ పొడవునా నిలబెట్టి ఉంటాయి. ఆ గది తలుపుకి లోపలి వైపు అమ్ముడుపోని కర్టెన్లు మడతలు మడతలుగా వేలాడుతుంటాయి. అందులోకి వెళ్తే వీధిలో లారీ పోయినా తెలియదు. మన మాటే మనకి చెవి పక్కన ఎవరో అన్నట్టు వినిపిస్తుంది.

పదో తరగతి మధ్యలో బడి మానేసి నేను ఆ కొట్టులో చేరేనాటికే ఆవిడ అక్కడ ఉంది. అప్పటికింకా ఫోనమ్మ అనే పేరు లేదు. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. చుట్టరికమేం లేదు. ఆవిడ పెద్ద మిషను మీద కుట్టేది. నేను అంచులు మడిచి, హుక్కులు గుచ్చి, ఇస్త్రీకి పంపేదాన్ని. కొన్నాళ్ళకి చిన్న మిషను నాకిచ్చారు. పిన్ని పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మాట పొదుపు. కుట్టు వంకరపోతే "విప్పు" అనేది. బాగుంటే ఏమీ అనేది కాదు. ఏమీ అనలేదంటే బాగున్నట్టని నేనే నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం కాలేజీలో చదివే కళ్ళజోడు కుర్రాడొకడు, వాడి స్నేహితులిద్దరు వచ్చారు. చేతిలో మైకు, వైర్లు ఉన్నాయి.

"అంకుల్, మీ వెనక గది కాసేపు ఇస్తారా? సౌండ్ రికార్డ్ చేసుకోవాలి. మా ఇంట్లో కుక్కరు, పక్కింట్లో టీవీ. ఎక్కడా కుదరట్లేదు."

"చెప్పులతో పరుపులెక్కకుండా ఉంటే తీసుకోండి," అన్నారు ఓనరు గారు.

అమ్మ మాటలు చెప్తానన్న వాళ్ళ మేనత్త చివరి నిమిషంలో సిగ్గేసి రాలేదట. ఆ కుర్రాడు మా ఇద్దరి వైపూ చూశాడు. నేను తల వంచేసుకున్నాను. పిన్నికి తప్పలేదు.

"ఆంటీ, నాలుగు మాటలు చదివిపెడతారా?"

"నాకు నటన రాదు బాబూ."

"నటన వద్దాంటీ. మా అమ్మ ఫోను చేసినట్టు మాట్లాడితే చాలు."

"మీ అమ్మ ఎలా చేస్తుందో నాకేం తెలుసు?"

"ఏ అమ్మయినా ఒకలాగే చేస్తుంది ఆంటీ."

పిన్ని లోపలికి వెళ్ళింది. "మిషను ఆపండక్కా," అని ఎవరో నాకు చెప్పారు. పెడలు మీంచి కాలు తీసి కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. పిన్ని తన ఫోనే చెవి దగ్గర పెట్టుకుని ఆ కాగితంలో ఉన్నవి అంది. "తిన్నావా? ఏం లేదు, ఊరికే చేశా. పనిలో ఉన్నావా? సరే, పెట్టేస్తా." అంతే. కుట్టు ఎలా కుడుతుందో అలాగే అంది, ఎక్కడా లాగకుండా, ఎక్కడా ముడిపడకుండా. కళ్ళజోడు కుర్రాడు చెవులకున్నవి తీసేసి కాసేపు పరుపుకి ఆనుకుని నిలబడ్డాడు. "ఇంకోసారి వద్దాంటీ, ఇదే ఉంచుకుంటాం," అన్నాడు.

ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు రావడం మొదలుపెట్టారు. ఫోనమ్మ అనే పేరు వాళ్ళు పెట్టిందే.

వాళ్ళ సినిమాలు మా ఊళ్ళో ఏడాదికోసారి గ్రంథాలయం మేడ మీది హాల్లో వేస్తారు. హాల్లో చూసేవాళ్ళకి కథలు అప్పుడు తెలుస్తాయి. నాకు ముందే తెలిసేవి, మిషను ఆపి కూర్చునేదాన్ని కాబట్టి. ఒక అబ్బాయి గదిలో ఒక్కడే పడుకుని సీలింగ్ ఫ్యాను వైపు చూస్తుంటాడు. అద్దంలో తన మొహం తను చూసుకుంటాడు. నాన్న పేపరు చదువుతుంటాడు, పేపరు దించడు. ఫోను మోగుతుంది, తెర మీద అమ్మ అని పడుతుంది, అబ్బాయి ఎత్తడు. ఎత్తేసరికి అమ్మ ఉండదు. ఎవరి కథలో చూసినా ఇవే. వాన కొందరి కథల్లో ఉండేది, కొందరి కథల్లో ఉండేది కాదు.

"వీళ్ళు వేరే వేరే పిల్లలేనా? లేకపోతే ఒకడే చొక్కాలు మార్చుకుని వస్తున్నాడా?" అనేవారు ఓనరు గారు.

పిన్ని మొదట్లో కథ అడిగేది. తర్వాత కాగితం మాత్రం అడిగేది. జుట్టు ముడి వేసుకునే అబ్బాయి ఒకడు ఉండేవాడు, వాడికి కథ చెప్పందే తోచదు.

"ఆంటీ, ఇందులో మీరు చచ్చిపోతారు."

"పోయినసారీ పోయాను కదా."

"అది యాక్సిడెంటు ఆంటీ. ఇది జబ్బు."

"అబ్బాయికి తెలుస్తుందా?"

"తెలీదు. మీరు దాచిపెడతారు."

"సరే. ఎక్కడి నుంచి చదవను?"

ఆ పిల్లలందరికీ ఇళ్ళల్లో అమ్మలున్నారు. రికార్డింగు మధ్యలో వాళ్ళ జేబుల్లో ఫోనులు మోగేవి. తీసి చూసి, కట్ చేసి, "సారీ ఆంటీ, మళ్ళీ ఒకసారి," అనేవాళ్ళు. పిన్ని మళ్ళీ "తిన్నావా" అనేది. ఇందులో నవ్వాల్సింది ఏమైనా ఉందేమో, నేను నవ్వడం గానీ పిన్ని నవ్వడం గానీ జరగలేదు.

పిన్ని భర్తని నేను బాబాయి అనేదాన్ని. నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. సాయంత్రం స్కూటరు మీద వచ్చి కొట్టు ముందు హారను కొట్టకుండా నిలబడేవాడు. పిన్ని తల ఎత్తకుండానే ఆయన వచ్చినట్టు తెలుసుకునేది. వాళ్ళకి ఒక్కతే కూతురు. అప్పుడు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

ఒకరోజు పొద్దున పంపుల గదిలో బాబాయి కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే లేడన్నారు. ఆ ఆసుపత్రి మా కొట్టు వెనక సందులోనే ఉంది. కాసేపటికి బాబాయి అన్నగారు పిన్నిని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చారు. ఆసుపత్రి వరండాలో ఏడుపులు, గోల. అక్కడి నుంచి ఫోను చేస్తే పిల్లకి తెలిసిపోతుందని ఆయన భయం.

"దానికి రేపు చివరి పరీక్ష. రాయకపోతే ఏడాది పోతుంది. పైగా బస్సులో ఒక్కత్తే రావాలి. దారిలో ఏ అఘాయిత్యమో చేసుకుంటే? పరీక్ష రాసి రమ్మను. నలతగా ఉందని చెప్పు చాలు," అన్నారాయన. ఓనరు గారూ అదే మంచిదన్నారు. అక్కడున్న ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

చావు కబురు ఫోనులో సూటిగా ఎవరూ చెప్పరు. "కాస్త ఒంట్లో బాగోలేదు, ఓసారి వచ్చిపో" అంటారు. అవతలి వాళ్ళకి సగం అర్థమవుతుంది. మాట దాచినదాన్ని గొంతు చెప్పేస్తుంది. అందరూ ఆ గొంతునే నమ్ముకుని ఆ చిన్న అబద్ధం ఆడతారు. పిన్ని గొంతు మీద అప్పటికి ఎంతమంది పిల్లలు ఎన్నిసార్లు మైకు పెట్టారో, అదెలా అలవాటు పడిపోయిందో ఆ పెద్దవాళ్ళకి తట్టలేదు. నాకు మాత్రం అప్పుడెక్కడ తట్టింది?

పిన్ని వెనక గదిలోకి వెళ్ళింది. ఓనరు గారు నా వైపు తిరిగి, "మిషను ఆపమ్మా," అన్నారు. ఆపాను. బట్టలు ఇవ్వడానికి వచ్చిన ఇస్త్రీ ఆవిడ గుమ్మంలో నిలబడిపోయింది.

"తిన్నావా? ఏం లేదు, ఊరికే చేశా. నాన్నా? పడుకున్నారు. కాస్త నలతగా ఉంది, అంతే. వద్దులే, లేపను. నువ్వు పరీక్ష రాసుకుని రా. సరే, పెట్టేస్తా."

బయటికి వచ్చి ఫోను సంచిలో వేసుకుంది. పెద్ద మిషను సూది కింద సగం కుట్టిన కర్టెన్ ఉంది. దారం తెంపి, దాన్ని తీసి, మడతపెట్టి బల్ల మీద పెట్టింది. తర్వాత బావగారి వెనక నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు పిల్ల పరీక్ష రాసి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎండాకాలం, ఆగలేమన్నారు పెద్దవాళ్ళు. ఆమె తండ్రిని చూడలేదు. నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాను, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తూ. ఆ పిల్ల భుజాన సంచీ ఇంకా దించలేదు. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. వాళ్ళమ్మ ముందు నిలబడి, "నిన్న పడుకున్నారన్నావు," అంది.

"అన్నాను," అంది పిన్ని.

ఆమె సంచీ దించి లోపలి గదిలోకి వెళ్ళింది.

చదువు పూర్తయ్యాక ఆ అమ్మాయి మా ఊళ్ళోనే ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే పనిలో చేరింది. ఉండేది ఇంట్లోనే. కర్టెన్ ముక్కలు మిగిలితే ఇవ్వడానికి నేను అప్పుడప్పుడు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. రెండు గదులు, ఒక వంటగది, పక్కన మేడ మీదికి మెట్లు. వాళ్ళ మాటలు ఇలా ఉండేవి.

"తాళం?"

"మేకుకి."

"నీళ్ళొచ్చాయా?"

"వచ్చాయి."

పోట్లాట అంటే పోట్లాట కాదు. ఎవరూ గొంతు పెంచేవాళ్ళు కాదు. పొయ్యి మీద గిన్నె దింపితే ఆ చప్పుడే పెద్దగా వినిపించేది. కూతురు తల్లికి ఫోను చేయడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆలస్యమయ్యే రోజున "లేటవుతుంది" అని మెసేజ్ వచ్చేది. పిన్ని ఫోను కళ్ళకి దూరంగా పట్టుకుని చదువుకుని, బల్ల మీద బోర్లా పెట్టేది.

పిల్లల రికార్డింగులు ఆగలేదు. పిన్ని మానేస్తుందేమో అనుకున్నాను గానీ మానలేదు. ఎందుకు మానలేదో అడగలేదు. పోయినేడు జుట్టుముడి అబ్బాయి తెచ్చిన కాగితంలో కొడుకు హాస్టల్లో ఉంటాడు, ఇంట్లో తండ్రి పోతాడు. అమ్మ ఫోను చేస్తుంది. "నాన్న పడుకున్నారు. నువ్వు పరీక్ష రాసుకో." వాడికి పిన్ని సంగతి తెలియదు. ఎక్కడా విని రాసింది కాదు. అందరి ఇళ్ళల్లోనూ జరిగేదే కదా, తోచింది, రాశాడు.

పిన్ని వేలు ఆ వరస మీద కాసేపు ఆగింది. "ఆంటీ, రెడీనా?" అన్నాడు వాడు. "ఆఁ," అని చదివింది. ఒక్కసారికే బాగా వచ్చిందన్నారు.

ఆ ఏడాది ప్రదర్శనకి స్టూడియో వాళ్ళతో కలిసి కూతురు కూడా వెళ్ళింది. మర్నాడు మా కొట్టుకి వచ్చింది. అంతకుముందు ఆమె మా కొట్టు గడప ఎక్కగా నేను చూడలేదు. మిషన్ల గది గుమ్మంలో నిలబడింది.

"అది కూడా చదివావా?"

"రాసిచ్చారు, చదివాను."

"అదే గొంతు."

"నాకున్నది ఒకటే గొంతు," అంది పిన్ని.

ఆమె వెళ్ళిపోయింది. ఓనరు గారు ముందు గదిలోంచి, "ఏంటమ్మా, మీ అమ్మాయి కర్టెన్లకి వచ్చిందా?" అని అడిగారు. "కాదండీ," అంది పిన్ని. మిషను తిప్పింది.

ఈ ఏడాది ఆ అమ్మాయే సినిమా తీస్తోందని కబురు వచ్చింది. కబురు తెచ్చింది ఓనరు గారే. ఆయనకి స్టూడియో ఆయన స్నేహితుడు. "ఇంకేం, సొంత కంపెనీ. ఫోనమ్మకి బుకింగ్ అయిపోయినట్టే," అన్నారు. పిన్ని తల ఎత్తలేదు. కానీ ఆ వారం నుంచి ఇంటి నుంచి ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుని తాగడం మొదలుపెట్టింది. వేరే పిల్లలొస్తే, "గొంతు బాగోలేదు బాబూ, తర్వాత రండి," అని కొందరిని తిప్పి పంపింది. వెనక గదిలో పరుపుల మీది దుమ్ము తనే దులిపింది. ఎప్పుడూ అది నా పని.

ఒకరోజు నాతో, "అది వస్తే మిషను ఆపి నువ్వు ముందు గదిలోకి వెళ్ళు," అంది.

అది అంటే ఎవరో అడగక్కర్లేకపోయింది. తనని పిలవాలని పిన్ని కోరుకుంటోంది. ఏదైనా మాట ఇచ్చి చదవమంటే చదవాలని. మంచిదో చెడ్డదో, తిట్టే మాటైనా సరే. కూతురు పిలిస్తే వాళ్ళిద్దరి మధ్య ఏదో ఒకటి అయినట్టు. పిలవకపోతే ఆ ఇంట్లో ఇక తాళం, నీళ్ళు, అంతే. నాకు అలా అర్థమైంది. పిన్ని ఇంత మాట నోటితో అనలేదు.

వచ్చిన ప్రతి చెప్పుల చప్పుడుకీ నేను గుమ్మం వైపు చూసేదాన్ని. కిటికీ కొలతల వాళ్ళు, పరుపు వెనక్కి తీసుకోమనే వాళ్ళు, కళ్ళజోడు కుర్రాడు. ఆమె రాలేదు. సినిమాలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. కొన్నాళ్ళకి పిన్ని ఫ్లాస్కు తేవడం మానేసింది. ఇక ఆశ వదులుకుందనుకున్నాను.

గ్రంథాలయం హాలు కిటికీలకి నల్ల కర్టెన్లు ఈసారి మా కొట్టే కుట్టింది. ఆదివారం మధ్యాహ్నం వేళ ప్రదర్శన. పొద్దున్నే పిన్నీ నేనూ వెళ్ళి అన్నీ తగిలించాం. చిట్టచివరి కిటికీకి గుడ్డ చాలలేదు. కొలత నేనే తీసుకున్నాను, గోడ మందం కలపలేదు. మధ్యలోంచి ఎండ కత్తిలా తెర మీద పడుతోంది. "విప్పడానికి టైము లేదు, పట్టుకుని నిలబడదాం," అంది పిన్ని. అలా రెండు అంచులూ చెరొకరం పట్టుకుని ప్రదర్శన అంతా నిలబడే చూశాం.

ముందు ఒక రిటైర్డ్ లెక్చరరు గారు మాట్లాడారు. "ఈ ఏడాది మన యువ దర్శకులు ఎక్కువగా ఎంచుకున్న అంశాలు ఒంటరితనం, అమ్మ ప్రేమ," అన్నారు.

"ఏ ఏడాది కాదూ?" అని ఓనరు గారు మా పక్కన గొణిగారు.

లైట్లు ఆర్పారు. ఫ్యాను తిరిగింది. అద్దం వచ్చింది. నాన్న పేపరు దించలేదు. ఫోను మోగింది. "తిన్నావా?" అంది పిన్ని గొంతు స్పీకర్లలోంచి. తర్వాతి సినిమాలో ఇంకో అబ్బాయి, ఇంకో ఫ్యాను, మళ్ళీ "తిన్నావా". ఆ తర్వాతి దాంట్లో ఫోను మోగగానే వెనక వరస కుర్రాళ్ళు నలుగురైదుగురు ముందే అందుకుని "తిన్నావా" అన్నారు. హాలంతా నవ్వింది. "తిన్నానమ్మా, నువ్వు పడుకో," అన్నాడు ఇంకెవడో. మళ్ళీ నవ్వారు. తెర మీద అమ్మ చనిపోయే చోట కూడా ఆ నవ్వు పూర్తిగా ఆగలేదు. పిన్ని కర్టెన్ అంచు వైపు చూస్తూ నిలబడింది. అంచు కుట్టు ఊడిందేమో చూస్తున్నట్టు వేలితో దాన్ని ఒకసారి తడిమింది.

చివర్లో కూతురి సినిమా. చిన్నది. నటించింది కూడా ఆమే. ఫ్యాను లేదు, అద్దం లేదు. ఒక అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పరీక్ష అట్ట. ఫోను తీసి నంబరు నొక్కింది. అవతల మోగడం వినిపించింది. వెనక వరస వాళ్ళు గొంతు సవరించుకుని సిద్ధమయ్యారు. అవతల ఎవరో ఎత్తారు.

"హలో," అంది అమ్మాయి.

ఏమీ వినిపించలేదు.

"పరీక్ష అయిపోయింది."

ఏమీ లేదు.

"బాగానే రాశాను."

"సౌండు పోయింది," అని ఎవరో అరిచారు. "అమ్మ మ్యూట్‌లో ఉంది," అన్నాడు ఇంకొకడు. సినిమా మిషను నడిపే ఆయన లేచి వంగి వైర్లు కదిపాడు. ఓనరు గారు కూడా అటు వెళ్ళారు. తెర మీద అమ్మాయి ఫోను చెవికి పెట్టుకునే ఉంది.

"నాన్న పడుకున్నారా?"

ఆ మాట స్పష్టంగానే వినిపించింది. సౌండు బాగానే ఉందని అప్పుడు అందరికీ తెలిసింది. వైర్లు కదిపే ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. అవతలి నుంచి ఏ జవాబూ రాలేదు. అమ్మాయి చాలాసేపు విన్నది. కుర్చీల్లో వాళ్ళు కదిలారు, ఎవరో దగ్గారు.

"సరే. బయల్దేరుతున్నా."

ఆమే ఫోను పెట్టేసింది. తెర నల్లబడింది. పేర్లు పడ్డాయి. మిగతా సినిమాలన్నిటిలోనూ అమ్మ గొంతు అని పిన్ని పేరు పడింది. ఇందులో పడలేదు.

నేను పిన్ని వైపు చూశాను. మొహంలో ఏమీ లేదు. కర్టెన్ పట్టుకున్న చెయ్యి మొదట ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

తర్వాత దర్శకులందరినీ వేదిక మీదికి పిలిచారు. లెక్చరరు గారు మైకు ఆ అమ్మాయి ముందు పెట్టి, "మీ చిత్రంలో తల్లి ఎందుకు మాట్లాడలేదమ్మా?" అని అడిగారు.

"అలా రాసుకున్నానండీ," అంది.

చప్పట్లు మామూలుగా కొట్టారు. బహుమతి జుట్టుముడి అబ్బాయికి వచ్చింది.

సోమవారానికల్లా వీధిలో మాట పుట్టింది. హాల్లో ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి చెప్పారు, లేనివాళ్ళు చిలవలు పలవలు కల్పించారు. ఓనరు గారు కూడా ఊరుకోలేదు.

"ఏంటమ్మా, మీ అమ్మాయి నిన్ను సినిమాలోంచి పీకేసిందట?"

"లైనింగు గుడ్డ అయిపోయిందండీ. తెప్పించాలి," అంది పిన్ని.

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఓనరు గారు భోజనానికి ఇంటికి వెళ్ళారు. మిషన్లు ఆగిపోయి, కిటికీ పక్కన కూర్చుని ఇద్దరం కర్టెన్లకి హుక్కులు గుచ్చుతున్నాం. పిన్ని తల ఎత్తకుండానే అంది.

"అది ఇంట్లోనే తీసింది."

"ఏది పిన్నీ?"

"ఫోను ముక్క. అది మేడ మెట్ల మీద కూర్చుంది. నన్ను వంటగదిలో స్టూలు మీద కూర్చోమంది. తలుపేసుకోమంది. రింగయితే ఎత్తమంది."

నా చేతిలో హుక్కు వంకరగా దిగింది.

"ఏం చెప్పమంది?"

"ఏం చెప్పొద్దంది. తిన్నావా అని కూడా అనొద్దంది. పెట్టేయొద్దంది. అది పెట్టేసేదాకా చెవి దగ్గరే ఉంచుకోమంది." పిన్ని ఇంకో హుక్కు తీసుకుంది. "నాన్న పడుకున్నారా అని అడుగుతుందని నాకు ముందు చెప్పలేదు."

"అప్పుడేం చేశావు?"

"విన్నాను."

"తర్వాత తనేమంది?"

"ఏమంటుంది? లోపలికొచ్చి తాళం అడిగి, స్టూడియోకి వెళ్ళిపోయింది."

"మరి నీ పేరు వెయ్యలేదేం?"

"మాట్లాడనిదానికి పేరేంటే," అంది పిన్ని. నా చేతిలోది చూసి, "విప్పు, వంకరపోయింది," అంది.

విప్పి మళ్ళీ గుచ్చాను. కరెంటు వచ్చింది. ఆవిడ లేచి పెద్ద మిషను దగ్గరికి వెళ్ళింది.

ఇస్త్రీ ఆవిడ ఇప్పటికీ అదే కథ చెప్తోంది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ సినిమాలో ఫోనమ్మ గొంతు లేదు. ఆ సినిమాలో ఫోను ఎత్తి, కూతురు పెట్టేసేదాకా చెవికి ఆనించుకుని కూర్చున్నది ఫోనమ్మే.